బెరిల్ బర్టన్ పొందిన సత్కారములు

మా పాఠకులలో పెక్కుమందికి సైకిలు బడికి వచ్చు వాహనమే గాని క్రీడాసాధనము కాదు. బంతియాటలలో గెలిచినవారి పేర్లు అందరి నోటను నాడుచుండును. సైకిలు పందెములలో గెలిచినవారి పేర్లు పత్రికలలో ఏ మూలనో చిన్న అక్షరములతో కానవచ్చును. సైకిలు పుట్టి పెరిగిన దేశములలో నొకటియగు ఇంగ్లండునందు సైతము చిరకాలము ఇట్లే యుండెను. ఆ దేశమున నొక స్త్రీ ఈ క్రీడయందు ప్రపంచమున కెల్ల మేటియై యుండియు, స్వదేశీయులకు ఎంత కొంచెముగా తెలిసియుండెనో, ఆమెకు జాతీయ సత్కారము లెట్లు లభించెనో ఇచ్చట వివరింప దలచితిమి.

ఆమె పేరు బెరిల్ బర్టన్. 1937 మే 12వ తేదీన యార్కుషైరు మండలమునందలి లీడ్సు నగరమున జన్మించెను. బాల్యమున కీళ్లవాతజ్వరము సోకి, పలు మాసములు ఆసుపత్రిలోను, పిమ్మట ఆరోగ్యాశ్రమములోను గడపవలసి వచ్చెను. ఇకమీదట శరీరశ్రమ పనికిరాదని వైద్యులు హెచ్చరించిరట. 1955లో చార్లీ బర్టన్ అను యువకుని వివాహమాడెను. ఆమెకు సైకిలు పందెముల రుచి చూపినవాడు ఈ చార్లీయే. కొలదికాలములోనే భార్య భర్తను మించిపోయెను. నాటినుండి అతడు ఆమె సైకిలును బాగుచేయుచు, పందెములకు కొనిపోవుచు, దారిప్రక్కన అన్నపానీయము లందించుచు సహాయకుడుగా నిలిచెను. భార్య కీర్తికి వెనుక నిలువబడుటకు సంకోచింపని భర్తలు ఆ కాలమున ఎందరుండిరో పాఠకులే యూహింపవచ్చును.

జీవనమునకై ఆమె మోర్లీ పట్టణప్రాంతమున రూబార్బు తోటలో కూలిపని చేసెను. రూబార్బు అనగా పుల్లని కాడలుగల యొక మొక్క. చక్కెరతో నుడికించి తిందురు. మట్టి త్రవ్వుట, బరువులు మోయుట ఆమె దినకృత్యములు. తోట యజమానుడగు నిమ్ కార్లైన్ స్వయముగా దూరపు పందెములలో పేరుపొందినవాడు. పగలెల్ల ఈ పని చేసి, మిగిలిన వేళ సాధన చేసి, ఆదివారము తెల్లవారుజామున పందెమునకు పోవుట ఆమె పద్ధతి. ఆమె ఏనాడును వృత్తిక్రీడాకారిణి కాలేదు.

ఆమె ముఖ్యముగా నెగ్గిన పందెములు గడియారముతో పోటీపడునవి. ఇందు అందరును ఒక్కసారి బయలుదేరరు. ఒకరి తరువాత నొకరు నిమిషమున కొకరు చొప్పున విడువబడుదురు. ఒకరి నీడలో నొకరు దాగి గాలి దెబ్బ తప్పించుకొనుట నిషిద్ధము. నిర్ణీతదూరమును ఎవరు తక్కువ కాలములో ముగింతురో, లేక నిర్ణీతకాలములో ఎవరు ఎక్కువ దూరము పోవుదురో వారిదే గెలుపు. ఇరువదియైదు, ఏబది, నూరు మైళ్ల పందెములలో ఆ యేటి ఉత్తమవేగములను సరాసరి కట్టి, స్త్రీలలో సర్వోత్తమురాలి నేర్పరచుట ఆ దేశపు ఆచారము. ఈ స్థానమును బెరిల్ 1959 మొదలు 1983 వరకు వరుసగా 25 సంవత్సరములు ఇంకొకరికి పోనీయలేదు. 1963లో ఇరువదియైదు మైళ్లను గంటలోపల ముగించిన మొదటి స్త్రీ యయ్యెను. ప్రపంచ పోటీలలో రహదారిపందెమున 1960లోను 1967లోను, వలయాకారపు బాటపై జరుగు వెంబడింపు పందెమున 1959, 1960, 1962, 1963, 1966 సంవత్సరములలోను జయించెను. మొత్తము ఏడుసార్లు ప్రపంచ విజేత్రి.

ఇంతటి విజయములకు సహజముగా లభింపవలసిన వేదిక ఒలింపిక్ క్రీడలు. కాని ఆ ద్వారము ఆమెకు మూసియుండెను. పురుషులకు 1896 నాటి మొదటి ఒలింపిక్ క్రీడలలోనే సైకిలు పందెము లుండగా, స్త్రీలకు 1984లో లాస్ ఏంజెలిస్ నగరమునందు గాని ఒక్క పందెమైనను ఏర్పడలేదు. అప్పటికి బెరిల్ వయస్సు 47 సంవత్సరములు. సామాన్యప్రజలు నాలుగేండ్ల కొకసారి ఒలింపిక్ పతకములను లెక్కించియే క్రీడాకారులను గుర్తుంచుకొందురు. ఆ లెక్కలో చేరుటకే వీలులేని యామె జనులకు తెలియకపోవుట ఆమె లోపము కాదు, ఏర్పాటులోని లోపము. ఈ కారణముచేతనే జాతీయ సత్కారములు ఆమె విషయమున విశేషముగా విలువగలవి యని మా యభిప్రాయము.

ఆ సత్కారములలో ప్రభుత్వ మొసగునది యొకటి. బ్రిటిషు సామ్రాజ్య బిరుదుశ్రేణిలోని ఎం.బి.ఇ. ఆమెకు 1964లోను, దానికి పై మెట్టగు ఓ.బి.ఇ. 1968లోను లభించెను. ఇవి ఆనాడు రాణి పేర ఇయ్యబడినవి. మన దేశమున 1961లో నేర్పడిన అర్జున పురస్కారము ప్రత్యేకముగా క్రీడలకే యుద్దేశింపబడినది. దానిని సైకిలు క్రీడాకారులును పొందియున్నారు. ఇంగ్లండులోని యీ బిరుదు లట్లు గాక వైద్యులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు మొదలుగా నన్ని వర్గములవారికిని చెల్లును. ఆ జాబితాలో తోటకూలి యొకతె చేరుట చిన్న విషయము కాదు.

సైకిలు లోకము తనంతట తానిచ్చుకొను బిడ్లేక్ స్మారకఫలక మింకొకటి. గడియారపు పందెములను ఇంగ్లండులో నెలకొల్పిన బిడ్లేక్ 1933లో మరణింపగా ఆయన పేర ఏర్పడినది. బయటివారికి దీని పేరైనను తెలియదు. తెలిసినవారికి మాత్రము ఇంతకుమించిన గౌరవము లేదు. పనిలోని కష్టమెరిగినవా రిచ్చిన మెప్పు గనుక దీనిని మేము తక్కువగా నెంచము.

మూడవది ప్రజల ఓటు. బి.బి.సి. సంస్థ 1954 మొదలు ప్రతి సంవత్సరము క్రీడాప్రముఖు నొకరిని ప్రజల ఓట్లచే ఎన్నుకొనుచున్నది. సైకిలు క్రీడాకారులలో దీనిని మొదట పొందినవాడు టామ్ సింప్సన్. అతడును 1937లోనే పుట్టినవాడు. 1965లో వృత్తిక్రీడాకారుల ప్రపంచ రహదారిపందెమున గెలిచి, ఆ యేటనే ఈ సత్కారము పొందెను. రెండేండ్లకే, 1967 జూలై 13వ తేదీన, ఫ్రాన్సు దేశపు మహాపందెములో వాంతూ పర్వత మెక్కుచు కూలి మరణించెను.

ఇంగ్లండు సైకిలు లోకము ఆ దుఃఖములో నుండగా బెరిల్ జీవితములోకెల్ల గొప్ప మాసము వచ్చెను. 1967 సెప్టెంబరు ఆరంభమున హాలెండునందలి హీర్లెన్ పట్టణమున రెండవసారి ప్రపంచ రహదారిపందెము గెలిచెను. రెండు వారములకు యార్కుషైరులో పండ్రెండుగంటల పందెము జరిగెను. పురుషులను ముందుగా విడిచి, స్త్రీలను వారి వెనుక విడిచిరి. బెరిల్ ఒక్కొక్క పురుషునే దాటుచు పోయెను. చివరకు ముందు మిగిలినవాడు మైక్ మెక్నమారా ఒక్కడే. అతడు సామాన్యుడు కాడు. ఆనాడు పురుషుల జాతీయరికార్డును బ్రద్దలు కొట్టుచున్నవాడు. సుమారు 235 మైళ్లు గడచిన పిమ్మట ఆమె యతని నందుకొనెను. ఏమి పలుకవలెనో తోచక, జేబులో చేయిపెట్టి, అతిమధురము వేసి చేసిన మిఠాయిబిళ్ల నొకదానిని అతని కందించి దాటిపోయెను. అతడు దానిని పుచ్చుకొని తినెను. ఈ కథను కొందరు పరిహాసముగా చెప్పుదురు. మాకు మాత్రము ఇందు పరిహాసము కన్న స్నేహమే యెక్కువగా కన్పట్టుచున్నది.

పండ్రెండు గంటలలో ఆమె పోయిన దూరము 277.25 మైళ్లు. మెక్నమారా పోయినది 276.52 మైళ్లు. అనగా అతడు పురుషుల రికార్డును నెలకొల్పిన దినముననే ఒక స్త్రీ దానిని దాటెను. ఆమె దూరమును ఏ పురుషుడును 1969 వరకు మించలేకపోయెను. ఓర్పుతో గూడిన క్రీడలలో స్త్రీ యొకతె పురుషుల జాతీయరికార్డును ఇట్లు మించుట మిక్కిలి యరుదు.

ఆ సంవత్సరాంతమున బి.బి.సి. ఓట్లు లెక్కింపగా బాక్సింగు వీరుడగు హెన్రీ కూపర్ ప్రథముడయ్యెను. బెరిల్ ద్వితీయస్థానమున నిలిచెను. కూపర్ యోగ్యుడు కాడని మేమనము. అతడు జనులందరికి ప్రియుడు, అతని పోటీలను లక్షలమంది చూచియుండిరి. బెరిల్ పందెములనో, తెల్లవారుజామున రహదారిప్రక్కన గడియారములు పట్టుకొని నిలిచిన కొలదిమంది తప్ప ఎవరును చూచియుండలేదు. ఓటు వేయువాడు తాను చూచినదానికే ఓటు వేయును. అట్లుండియు ఆమెకు రెండవ స్థానము దక్కెనన్న, ఆ యేటి ఘనకార్యము చూడనివారి చెవులకు సైతము సోకెనన్నమాట. ఆమె తరువాత సైకిలు క్రీడాకారు డొకడు ఆ ప్రథమస్థానమును పొందుటకు 2008 వరకు వేచియుండవలసి వచ్చెను. ఆతడు క్రిస్ హోయ్. ఆ యేటి ఒలింపిక్ క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచినవాడు.

సత్కారములు వచ్చినను రాకున్నను ఆమె సైకిలు దిగలేదు. 1968లో నూరు మైళ్లను 3 గంటల 55 నిమిషముల 5 సెకండ్లలో ముగించెను. ఆమె కుమార్తె డెనిస్ సైతము ఈ క్రీడలోనే పేరుపొందెను. 1976 జాతీయ రహదారిపందెమున కుమార్తె ప్రథమురాలై తల్లిని ఓడింపగా, తల్లి బహుమానవేదికపై ఆమెతో కరచాలనము చేయ నిరాకరించెను. ఇది మెచ్చదగినది కాదు. పోటీలో తల్లి, బిడ్డ అను భేదము నెరుగని యా పట్టుదలయే ఆమెను పాతికేండ్లు అగ్రస్థానమున నిలిపినదియు నగుటచే, ఒకదానిని పొగడి రెండవదానిని దాచుట మాకు న్యాయముగా తోచలేదు.

1996 మే 5వ తేదీన, తన యేబదితొమ్మిదవ పుట్టినదినమునకు వారము ముందు, ఆ విందుకు పిలుపుచీటీలు పంచుటకై సైకిలుపై పోవుచు, గుండె యాగి బెరిల్ మరణించెను. మోర్లీలో ఆమె పేర నొక యుద్యానము వెలసినది. హారోగేట్, నేర్స్‌బరో పట్టణముల నడుమ సైకిలుబాట యొకటి ఆమె పేర పిలువబడుచున్నది. 2014లో ఫ్రాన్సు మహాపందెము యార్కుషైరులో ప్రారంభమైన వేసవిలో లీడ్సునందలి రంగస్థలమున ఆమె జీవితము నాటకముగా ప్రదర్శింపబడెను. పండ్రెండుగంటల పందెమున ఆమె నెలకొల్పిన స్త్రీల రికార్డును 2017లో ఆలిస్ లెత్‌బ్రిడ్జి 285.65 మైళ్లు పోయి మించెను. అప్పటికి సరిగా ఏబది సంవత్సరములు గడచెను.