తొలి క్యాంపింగ్‌కి రెడీనా?

కొత్తగా టెంట్ కొన్నారా? సూర్యలంకకో, కొండవీడుకో బయల్దేరే ముందు ఒక రాత్రి ఇంటి దొడ్లోనే వేసుకుని పడుకోండి. పాపప్ టెంట్ విసిరితే చాలు, తెరుచుకుంటుంది. మళ్లీ మడవడంలోనే ఉంది అసలు తిప్పలు! ఏ సామాను తక్కువైందో కూడా అక్కడే తేలిపోతుంది.

చోటు ఎంచుకోవడమే ముఖ్యం. మన నల్లరేగడి తడిస్తే మేకులు నిలవవు, బండి దిగబడుతుంది. ఎండితే నెర్రెలిస్తుంది. వాటిలో పాములు, తేళ్లు దాక్కుంటాయి. మెరకగా, గట్టిగా ఉన్న నేల చూసుకోండి. పొలమైతే రైతునడగండి. మిరప కల్లాల దగ్గర మంట వేయొద్దు. నల్లమల అడవిలో అనుమతి లేకుండా బస కుదరదు.

టార్చి, మంచినీళ్లు, కింద పరిచే పట్టా తప్పనిసరి. బూట్లు దులిపాకే వేసుకోండి. పాము కరిస్తే గాట్లు పెట్టొద్దు, తాడు బిగించొద్దు. మనిషిని కదలనివ్వకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.