మీకు తెలుసా? పార్వతీపురంలో ఓడి, రాజ్యసభ పీఠమెక్కిన గిరి

రాజ్యసభకు అధ్యక్షత వహించే చైర్మన్ ఆ సభలో సభ్యుడు కాదు. ఉపరాష్ట్రపతిగా ఎన్నికైనవారే ఆ కుర్చీలో కూర్చుంటారు. ఎంపీగా ఉన్నవాళ్లు ఎన్నికైతే ఆ సభ్యత్వం వదులుకోవాల్సిందే. ఇంకో తమాషా ఏమిటంటే, ఉపరాష్ట్రపతి పదవికి జీతమే లేదు. ఇప్పుడు ఇస్తున్న నెలకు 4 లక్షల రూపాయలూ రాజ్యసభ చైర్మన్ హోదాలో ముట్టేవే.

ఆ కుర్చీలో కూర్చున్న తెలుగువాళ్లలో సర్వేపల్లి రాధాకృష్ణన్, వెంకయ్యనాయుడు అందరికీ గుర్తుంటారు. వాళ్లిద్దరికీ నడుమ 1967 మే 13 నుంచి 1969 మే 3 వరకు అక్కడ కూర్చున్న వరాహగిరి వెంకటగిరి మాత్రం శ్రీకాకుళం, విజయనగరం ఓటర్లకు చిరపరిచితుడు. ఆయన పుట్టింది బరంపురంలో, 1894లో. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. చదువుకు ఐర్లండు వెళ్లి, అక్కడి స్వాతంత్ర్య పోరాటకారులతో తిరిగినందుకు 1916లో వెనక్కి రావాల్సి వచ్చింది. తర్వాత మన ఊళ్ల మీదుగా నడిచే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకుడయ్యారు.

1937 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించింది గిరిగారే. రాజావారు అప్పటికి జస్టిస్ పార్టీ అధినేత, మద్రాసు ప్రధానమంత్రి (ఇప్పటి లెక్కలో ముఖ్యమంత్రి) పదవిలో ఉన్నవారు. రాజుగారిని సొంతగడ్డ మీద కార్మిక నాయకుడు పడగొట్టడమంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చేసిందని 1954లో రాజీనామా చేశారు.

అసలు కథ 1957లో జరిగింది. అప్పుడు పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. అక్కడి నుంచి ఇద్దరు ఎంపీలు, ఒక సీటు గిరిజనులకు రిజర్వు, రెండోది జనరల్. ఓటరుకు రెండు ఓట్లుంటాయి, రెండూ ఒకరికే వేయకూడదు. గిరితో కలిపి బరిలో నలుగురు. లెక్క తేలేసరికి మొదటి స్థానంలో గిరిజన అభ్యర్థి బి. సత్యనారాయణ దొర నిలిచారు. రిజర్వు సీటు ఆయనకు వెళ్లింది. మిగిలిన జనరల్ సీటు గిరిగారిదేనని ఎవరైనా అనుకుంటారు. కాని రెండో స్థానంలో ఉన్న డిప్పల సూరిదొర కూడా గిరిజన అభ్యర్థే. గిరిగారి కంటే 565 ఓట్లు ఎక్కువ. జనరల్ సీటు సూరిదొరగారికే దక్కింది!

రిజర్వు సీటుకు నిలబడ్డవాడికి జనరల్ సీటెలా ఇస్తారని గిరి కోర్టుకెక్కారు. సూరిదొర కుటుంబం క్షత్రియాచారాలు పాటిస్తోంది కాబట్టి మూకదొర అనే గిరిజన తెగ కిందికి రాదన్నది ఇంకో వాదన. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959లో మెజారిటీ న్యాయమూర్తులు రెండు వాదనలనూ తోసిపుచ్చారు. రిజర్వేషన్ అంటే ‘ఇన్ని సీట్లు తప్పక ఇవ్వాలి’ అనే హామీయే గానీ, ‘ఇంతకు మించి గెలవకూడదు’ అనే కట్టడి కాదన్నది తీర్పు సారాంశం. రిజర్వుడు వర్గం అభ్యర్థి జనరల్ సీటులోనూ నిలబడి గెలవవచ్చన్న మాట మనకు ఇప్పుడు మామూలుగా అనిపిస్తుంది గానీ, అప్పటికి అది ఎంపీ సీటంత బరువైన ప్రశ్న. రెండేళ్లకే, 1961లో పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలనే ఎత్తేసింది. ఆ పార్వతీపురం లోక్‌సభ స్థానం కూడా 2008 పునర్విభజనలో మాయమై, అరకులో కలిసింది.

వింతేమిటంటే, ఈ కేసు నడుస్తుండగానే గిరి ఉత్తరప్రదేశ్ గవర్నరు అయ్యారు. లోక్‌సభ సీటు కోసం దావా నడిపిన గవర్నరు! తర్వాత కేరళ, మైసూరు గవర్నరుగిరీలు చేసి, 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. పార్వతీపురం ఓటర్లు దిగువ సభకు పంపని మనిషి అలా పెద్దల సభను నడిపే కుర్చీకి చేరారు.

ఆ కుర్చీకి కూడా హద్దులున్నాయి. ఓట్లు సమానమైతేనే చైర్మన్ ఓటు వేస్తారు. ఉభయ సభలు కలిసి కూర్చుంటే అధ్యక్షత లోక్‌సభ స్పీకరుదే. ఏది మనీ బిల్లో తేల్చేదీ స్పీకరే. అన్నిటికంటే చిత్రం, తనను తొలగించే తీర్మానం చర్చకు వచ్చినప్పుడు చైర్మన్ సభలో మాట్లాడవచ్చు గానీ ఓటు వేయడానికి వీల్లేదు. అదే పరిస్థితిలో లోక్‌సభ స్పీకరు తన ఓటు తాను వేసుకోవచ్చు. స్పీకరు సభ్యుడు కదా మరి!

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఆ బాధ్యతలో ఉన్నంత కాలం రాజ్యసభ చైర్మన్ పని చేయకూడదని రాజ్యాంగం చెబుతుంది కాబట్టి, సభ భారం డిప్యూటీ చైర్మన్ వయొలెట్ ఆల్వా మీద పడింది. జులై 20న గిరి రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో దిగారు. ఎదుట కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇద్దరూ తెలుగువాళ్లే. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాల్సి వచ్చింది. 565 ఓట్ల దెబ్బ తిన్న మనిషికి ఈసారి కొసరు ఓట్లే గెలుపు తెచ్చాయి.

గిరి రాజీనామా చేశాక, కొత్త రాష్ట్రపతి వచ్చేలోగా రాష్ట్రపతీ లేరు, ఉపరాష్ట్రపతీ లేరు. అలాంటి సందర్భం కోసం ఆ మే నెలలోనే పార్లమెంటు ఒక చట్టం చేసి ఉంచింది. దాని ప్రకారం సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం. హిదయతుల్లా ఆగస్టు 24 దాకా రాష్ట్రపతి బాధ్యతలు చూశారు. పదేళ్లకు, 1979లో ఆయనే ఉపరాష్ట్రపతిగా ఎన్నికై రాజ్యసభ చైర్మన్ అయ్యారు.