తేదీగా మారిన డోర్ నంబరు

ఎక్సెల్‌లో చిరునామాల కాలమ్ నింపుతూ 3-6-12 అని డోర్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కండి. మన దేశపు తేదీల పద్ధతిలో ఉన్న కంప్యూటరైతే వెంటనే 03-06-2012 అయి కూర్చుంటుంది. కింద గడిలో 3-6-369 కొడితే మాత్రం చెక్కుచెదరదు. ఎక్సెల్ క్యాలెండర్ 1900తోనే మొదలవుతుంది, 369వ సంవత్సరం దానికి తెలియదు. ఒకే వీధిలో ఒక ఇల్లు తేదీ అయింది, ఇంకొకటి నంబరుగానే మిగిలింది.

దిద్దుదామని ఆ గడి ఫార్మాట్‌ను టెక్స్ట్‌కు మారిస్తే 41063 అని వస్తుంది. 1900 జనవరి 1ని ఒకటిగా లెక్కపెట్టుకుంటూ వస్తే 2012 జూన్ 3కు ఎక్సెల్ ఇచ్చే సంఖ్య అది. (అందులో అసలు లేని 1900 ఫిబ్రవరి 29 కూడా ఒక రోజు. పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం లోటస్ 1-2-3 చేసిన ఆ తప్పును, దానితో లెక్కలు కలవాలని ఎక్సెల్ అలాగే ఉంచేసింది.) సేవ్ చేశాక మనం కొట్టిన నంబరు ఫైల్లో ఎక్కడా ఉండదు.

ఈ ఊహించే గుణం ఎక్కడిది? హార్వర్డ్ బిజినెస్ స్కూల్ విద్యార్థి డాన్ బ్రిక్లిన్ 1978లో ఒక ఆలోచన చేశాడు. నల్లబల్ల మీద ఒక అంకె మారితే దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరిపి రాయాలి కదా, ఆ పని యంత్రమే చేస్తే? బాబ్ ఫ్రాంక్‌స్టన్ ప్రోగ్రాం రాశాడు. 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ వచ్చింది. అందులో నియమం ఒక్కటే: మొదట అక్షరం కొడితే పేరు, అంకె కొడితే లెక్క. 3-6-12 కొడితే తీసివేతలు చేసి -15 చూపేది. అంకెతో మొదలయ్యే మాట కావాలంటే ముందు కోట్ గుర్తు పెట్టాలి. కటువైన నియమమే, కానీ ఏం జరుగుతుందో ముందే తెలిసేది. తర్వాత వచ్చిన ఎక్సెల్ మన మనసులో మాట కనిపెట్టాలని చూసింది. ఖాతా పుస్తకాలకు అది నిజంగా వరమే. చిక్కంతా లెక్కలు కానివి గడుల్లోకి వచ్చాక మొదలైంది.

అందరికంటే ఎక్కువ నష్టపోయింది జన్యుశాస్త్రవేత్తలు. సెప్ట్2, మార్చ్1 అనే జన్యువుల పేర్లు ఇంగ్లిషులో కొట్టగానే సెప్టెంబర్ 2, మార్చి 1 అయిపోయేవి. 2004లోనే పరిశోధకులు హెచ్చరించారు. 2016లో జీనోమ్ బయాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం, ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఈ తప్పు దొర్లిందని తేల్చింది. చివరికి 2020 నాటికి జన్యువుల పేర్లే మార్చారు. సెప్ట్1 సెప్టిన్1 అయింది. ఒక ఆఫీసు సాఫ్ట్‌వేర్ కోసం విజ్ఞానశాస్త్రం తన పేర్లు మార్చుకోవాల్సి రావడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. ఊహించడం తప్పు కాదు, చెప్పకుండా మార్చేయడం తప్పు. 2023లో మైక్రోసాఫ్ట్ ఈ మార్పిడిని ఆపే సెట్టింగ్ ఇచ్చింది. అయితే అది అక్షరాలూ అంకెలూ కలిసిన పేర్లకే. డోర్ నంబర్లకు పనిచేయదు.

కాబట్టి జాగ్రత్త ముందే పడాలి. డేటా కొట్టకముందే కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్ చేయండి, లేదా నంబరుకు ముందు సింగిల్ కోట్ పెట్టండి. హైదరాబాద్ 040లో మొదటి సున్నా ఎగిరిపోకుండా, 16 అంకెల కార్డు నంబరులో చివరి అంకె సున్నాగా మారకుండా ఇదే మందు. సీఎస్‌వీ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి తెరవకండి. ఆ ఫైల్లో ఫార్మాట్ అనేదే ఉండదు, తెరిచిన ప్రతిసారీ ఎక్సెల్ మళ్లీ ఊహిస్తుంది. డేటా ట్యాబ్ నుంచి తెచ్చుకుని కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోవాలి. అనుమానమొస్తే గడి చూడండి: అలైన్‌మెంట్ ముట్టుకోకపోతే టెక్స్ట్ ఎడమకు, సంఖ్యలూ తేదీలూ కుడికి చేరతాయి.

ఆటోకంప్లీట్ది ఇంకో రకం చొరవ. పై గడిలో వెంకటేశ్వరరావు ఉంటే, కింద వెంకట అని కొట్టి ఎంటర్ నొక్కగానే ఇద్దరూ వెంకటేశ్వరరావులే అవుతారు. అది కలిపిన అక్షరాలు హైలైట్ అయి ఉంటాయి, ఎంటర్‌కు ముందు డిలీట్ నొక్కితే పోతాయి. సరుకుల జాబితాకైతే ఈ సాయం ఉండనివ్వండి. మనుషుల పేర్లు రాసే షీట్‌లో మాత్రం ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి, సెల్ విలువల ఆటోకంప్లీట్ టిక్ తీసేశాకే పని మొదలుపెట్టండి.