పొగ విడుచు బొమ్మ ఇంజను – దాని సంరక్షణము

బాలబాలికలకు రైలుబండి బొమ్మ యన్న మిక్కిలి ప్రీతి. అది నిజమైన ధూమశకటమువలె పొగ విడిచినచో వారి యానందమునకు మేర యుండదు. అమెరికా దేశమున లయొనెల్ కంపెనీవారు 1946లో నిట్టి ఇంజనులను విక్రయింప నారంభించిరి. వానిలో ననేకము లిప్పటికిని చేతులు మారుచు నడచుచున్నవి. ఒకరు వాడిన యట్టి ఇంజను మరియొకరి కబ్బినప్పుడు దాని నెట్లు కాపాడవలెనో యిచ్చట వివరింతుము.

మొదట పొగ పుట్టు విధమును గ్రహింతము. ఇందు నిప్పు లేదు, బొగ్గు లేదు. పొగగొట్టము క్రింద నొక చిన్న గది గలదు. మొదటి యేట దీపపు వేడిమిచేతను, 1947 మొదలు విద్యుత్తుచే వేడెక్కు సన్నని తీగచేతను అందలి పదార్థము కాగి యావిరి యగునట్లు చేసిరి. ఆ యావిరి గాలిలో చల్లబడి తెల్లని పొగగా గాన్పించును. చక్రములతోపాటు ఆడు చిన్న పిస్టను గాలిని నెట్టుటచే పొగ విడతలు విడతలుగా వెలువడును. ఆదిలో బిళ్లలు వేసెడివారు; నేడు ఇందులకై చేసిన నూనెను వాడుచున్నారు.

పాత ఇంజను చేతికి వచ్చినవెంటనే విద్యుత్తు తగిలింపరాదు. అమెరికాలో ఇండ్ల విద్యుత్తు సుమారు 120 వోల్టులు. మన దేశమున 230 వోల్టులు. అచ్చటి ట్రాన్స్‌ఫార్మరును మన గోడప్లగ్గునకు తిన్నగా తగిలించిన నది కాలిపోవును, ప్రాణాపాయమును గలుగవచ్చును. తీగలపై తొడుగు పగిలియున్నచో తెలిసినవారిచే మార్పించువరకు దానిని వాడరాదు.

పిమ్మట గట్టిపడిన పాత గ్రీజును తీసివేసి, పండ్లచక్రములకు క్రొత్తది కొంచెము పూయవలెను. ఇరుసుల కొక్కొక్క చుక్క నూనె చాలును. చక్రములను, పట్టాలను స్పిరిటు తడిపిన గుడ్డతో తుడిచి యారనీయవలెను. ఉక్కుపీచుతో రుద్దరాదు, దాని పోగులు మోటారులోని యయస్కాంతమున కంటుకొని చెరుపు చేయును.

ఇక పొగగది. నూనె నాలుగైదు చుక్కలకు మించి పోయరాదు. ఎక్కువైనచో పొగ రాకపోవుటయేగాక, నూనె చక్రములపై గారి యవి జారును. నూనె యింకిపోయిన పిదపను నడపినచో లోని వత్తి మాడి, తీగ తెగును. గది వేడెక్కియు పొగ రానిచో గాలిరంధ్రము పూడినదని యెరిగి, విద్యుత్తు నాపి, చల్లారిన పిదప సన్నని తీగతో శుభ్రపరుపవలెను. బొత్తిగా వేడెక్కనిచో తీగ తెగెనేమో చూచి మార్చవలెను.

విద్యార్థులారా, బండి నడుచునప్పుడు కిటికీలు తెరచియుంచుడు. పొగగొట్టమును చేత ముట్టకుడు. ఆట ముగిసిన పిదప ప్లగ్గు తీసి, ఇంజనును తుడిచి, పొడిచోట భద్రపరచుడు. ఇట్లు పోషించిన వస్తువు మీ తరువాతివారికిని పనికివచ్చును.