ఈ చేతికి సూది వెయ్యొద్దు

ఆపరేషన్‌కి ముందురోజు పేషెంటు ఎడమ ముంజేతి మీద మార్కర్ పెన్నుతో ‘సూది వెయ్యొద్దు’ అని రాస్తాం. “ఏటి రాసినావమ్మా?” అని అడుగుతారు చదువురాని తాతలు. “రేపు నీ నోట్లో వేసే ముక్క ఈ చేతిదే తాతా, దీన్నెవరూ పొడవకూడదు” అంటాను. కొందరు నమ్మరు. ఇంకొందరు ఆ చేతిని కండువాలో దాచుకుని పడుకుంటారు.

నేను విశాఖపట్నంలో క్యాన్సర్ ఆపరేషన్లు అయినవాళ్ల వార్డులో నర్సుని. మాది శ్రీకాకుళం తీరం. మా నాయనమ్మ చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టి కాల్చేది. దాన్ని మావైపు అడ్డపొగ అంటారు. ఆ వేడికీ పొగకీ అంగిట్లో క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లు అక్కడ కొత్తేమీ కాదు. ఇప్పుడు మా మంచాల మీద ఎక్కువగా ఉండేది గుట్కా, ఖైనీ బుగ్గన పెట్టుకున్న మగవాళ్లు. మన దేశంలో మగవాళ్లకొచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్‌దే మొదటిస్థానం.

పుండు చిన్నగా ఉండగా వస్తే కోసి కుట్టేస్తారు, అంతే. ముదిరితే బుగ్గ లోపలి పొర, దవడ ఎముక, సగం నాలుక, ఒక్కోసారి పైచర్మం కూడా తీసేయాల్సి వస్తుంది. ఆ ఖాళీని అలా వదిలేస్తే తాగిన నీళ్లు బయటికి కారతాయి. ఉమ్మి మెడలోకి దిగి అక్కడి పెద్ద రక్తనాళాలకే ముప్పు తెస్తుంది. అందుకని అందం సంగతి తర్వాత, ముందు ఆ కంత పూడాలి.

కాలిన గాయాల మీద వేసే పల్చటి చర్మం అంత పెద్ద కంతకి ఆగదు. దానికి సొంత రక్తసరఫరా ఉండదు. ఫ్లాప్ అలా కాదు, చర్మమో కండో ఎముకో తన రక్తనాళాలతో సహా వస్తుంది. ఛాతీ కండని దాని నాళాలు తెగకుండా, కాలర్ బోన్ మీదుగా చర్మం కిందనుంచి నోట్లోకి తిప్పే పద్ధతిని 1979లో అమెరికా సర్జన్ స్టీఫన్ ఆరియన్ వివరించారు. ఛాతీ ముక్క వేస్తే చౌక వైద్యం చేశారని చిన్నబుచ్చుకునే బంధువులున్నారు. ఆ మాట నాకు నచ్చదు. పెద్ద వయసు, గుండె జబ్బు, పాత రేడియేషన్‌తో పాడైన మెడ నాళాలు ఉన్నవాళ్లకి చాలాసార్లు అదే మంచి దారి.

రెండో పద్ధతిలో ముక్కని పూర్తిగా తెంచి, దాని ధమనినీ సిరనీ మెడలోని నాళాలకి మైక్రోస్కోప్ కింద కుడతారు. నాళం రెండు మూడు మిల్లీమీటర్లు, దారం వెంట్రుక కన్నా సన్నం. 1981లో చైనా వైద్యులు ప్రచురించిన ముంజేతి ఫ్లాప్ పల్చగా మడతపడుతుంది కాబట్టి నాలుకకీ బుగ్గకీ నప్పుతుంది. తీసేముందు మణికట్టు దగ్గర రెండు ధమనుల్నీ నొక్కిపట్టి, చిటికెనవేలు వైపుదాన్ని వదులుతారు. అరచెయ్యి మళ్లీ ఎర్రబడితేనే రెండోదాన్ని తీస్తారు. దవడ ఎముక పోతే మోకాలి కింద ఉండే సన్న ఎముకని తెచ్చి, ముక్కలు కోసి, దవడ వంపులో ప్లేట్లతో బిగిస్తారు. బరువు మోసేది పక్కనున్న పెద్ద ఎముక కనుక కాలు నడకకి పనికొస్తుంది.

తర్వాత మూడు రోజులు మా వంతు. గంటగంటకీ టార్చి వేసి నోట్లోకి చూస్తాం. చుట్టూ ఎర్రటి పొర, మధ్యలో చేతి రంగు ముక్క. వేలితో నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. పాలిపోయి చల్లబడితే ధమని మూసుకుందని అనుమానం. నీలంగా ఉబ్బి, నొక్కీ నొక్కకముందే రంగు తిరిగొస్తుంటే, సూది గుచ్చగానే నల్లటి రక్తం ఉరికితే సిర మూసుకుందన్నమాట. మడిలోకి నీళ్లొచ్చే కాలువ బాగానే ఉండి, పోయే తూము పూడితే పైరు ఏమవుతుందో ఇదీ అంతే. అప్పుడు అర్ధరాత్రయినా సర్జన్‌ని లేపాల్సిందే. “తెల్లారనీ, చూద్దాం” అనే మాట మా వార్డులో చెల్లదు. వెంటనే థియేటర్‌కి తీసుకెళ్లి గడ్డకట్టిన రక్తాన్ని తీస్తే చాలా ఫ్లాపులు బతుకుతాయి. చెయ్యి తిరిగిన చోట నూటికి 95కి పైగానే నిలుస్తాయి. ఊపిరి కోసం గొంతులో పెట్టిన పైపు తాడు మెడని బిగిస్తే కుట్టిన సిర నలుగుతుంది. అందుకే పైపుని చర్మానికి కుట్టేస్తాం. ప్రేమకొద్దీ తలకింద దిండ్లు సర్దకండి, మెడ వంకరపోతుంది.

ఇంటికెళ్లాక అడిగే ప్రశ్నలు వేరు. “సిస్టరమ్మా, మా ఆయన నోట్లో వెంట్రుకలు మొలుస్తున్నాయి!” మొలుస్తాయి, అది ఛాతీ చర్మం కదా. రేడియేషన్ పడితే చాలావరకు రాలిపోతాయి. ఆ ముక్కకి రుచి తెలీదు, వేడి కూడా సరిగా తెలీదు. కాఫీ చల్లార్చి ఇవ్వండి, తిన్నాక బుగ్గలో మెతుకులు ఇరుక్కున్నాయేమో అద్దంలో చూసుకోమనండి. ఐస్‌క్రీం పుల్లలు పళ్ల మధ్య ఒక్కొక్కటే పెంచుతూ నోరు తెరిచే వ్యాయామం మానితే, కష్టపడి కట్టిన నోరు బిగుసుకుపోతుంది.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరితే, ప్యాకేజీలో ఫ్లాప్ కూడా ఉందా అని ఆరోగ్యమిత్రని సంతకానికి ముందే అడగండి. పొగాకు మాత్రం చేరిన రోజే ఆపండి. నికోటిన్‌కి సన్న నాళాలు ముడుచుకుంటాయి. ఆపలేకపోతే దాచిపెట్టి తినకండి, మాకు చెప్పండి. మేం తిట్టం.