మళ్ళీ తల్లి కావాలా... వద్దా?

"ఒక్క పిల్లతోనే సరిపెట్టేస్తావా ఏమిటి?" పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, కుళాయి దగ్గర మనలో ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. మొదటి కాన్పు సుఖంగా అయినవాళ్ళు నవ్వేసి ఊరుకుంటారు. ఆ మొదటి కాన్పులోనే చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషికి మాత్రం ఈ మాట వినగానే కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుంటుంది. నాకు నాలుగేళ్ళపాటు అలాగే ఉండేది.

అది 2001, శ్రావణ మాసం. పురిటికి పుట్టింటికి వెళ్ళాను. జంగారెడ్డిగూడెం దగ్గర చిన్న పల్లె మాది. అప్పుడది పశ్చిమ గోదావరి జిల్లా, 2022 నుంచి ఏలూరు జిల్లా. నొప్పులు మొదలవగానే ఊళ్ళో నర్సింగ్ హోముకి వెళ్దామనే అనుకున్నాం. కానీ నొప్పులు అర్ధరాత్రి మొదలయ్యాయి, ఆ రాత్రే వాగు పొంగింది. ఇంకేముంది, మంత్రసానిని పిలిచారు. మా ఊళ్ళో సగం మందిని చేతుల్లోకి తీసుకున్న ముసలమ్మ ఆవిడ. తెల్లవారుఝామున నాలుగింటికి పాప పుట్టింది. ఏడ్చింది కూడా. అందరూ "అమ్మయ్య" అనుకున్నారు.

మాయ మాత్రం పడలేదు.

అరగంట చూశారు. గంట చూశారు. పొట్ట నొక్కారు. నా జడ కొస నా నోట్లోనే పెట్టి ఓకరించమన్నారు, ఆ ఊపుకి పడుతుందని! "పైకి పాకి గుండెకి పట్టేస్తుంది, పిల్ల నిద్రపోకుండా చూడండి" అని ఎవరో అంటుంటే విన్నాను. కింద పరిచిన పాత చీరలు ఒకటి తరవాత ఒకటి తడిసిపోతున్నాయి. బాగా తెల్లవారాక ట్రాక్టరు మీద వాగు దాటించి, జీపులో అరవై కిలోమీటర్లు తీసుకెళ్ళారట. ఆ దారి నాకు గుర్తులేదు. మత్తిచ్చి మాయను చేత్తో తీశారు. మా ఆయన, మా తమ్ముడు చెరో సీసా రక్తం ఇచ్చారు.

ఆ ముసలమ్మని నేనెప్పుడూ తిట్టుకోలేదు. ఆవిడకి తెలిసిందేదో ఆవిడ చేసింది. తెలియనిది ఏమిటన్నదే అసలు సంగతి.

మాయ ఎందుకు ఆగిపోతుంది?

మాయని డాక్టర్లు ప్లాసెంటా అంటారు. నెలలు నిండేసరికి దాదాపు అరకిలో బరువుంటుంది. గర్భసంచి గోడకి అంటుకుని బిడ్డకి తిండీ గాలీ అందించేది అదే. బిడ్డ బయటికి రాగానే గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ గోడనుంచి ఊడి వచ్చేస్తుంది. మామూలుగా అరగంటలోపే ఇదంతా అయిపోతుంది. బిడ్డ పుట్టగానే తల్లికి ఇంజెక్షన్ ఇస్తే (ఇప్పుడు ఆసుపత్రుల్లో అందరికీ ఇస్తున్నారు) ఇంకా తొందరగా, చాలామందికి పది నిమిషాల్లోనే పడిపోతుంది.

నూటికి ఒకరి నుంచి ముగ్గురి వరకూ అది ఆగిపోతుంది. అందులోనూ రకాలున్నాయి. కొందరికి ఊడినా గర్భసంచి మూతి ముడుచుకుపోయి లోపల చిక్కుకుంటుంది. కొందరికి గోడకి కరుచుకుని ఊడదు. మూడోది చాలా అరుదు, చాలా ప్రమాదం కూడా. మాయ వేళ్ళు గోడ కండలోకే దిగిపోయి ఉంటాయి. దాన్ని లాగబోతే వరదలా రక్తం పోతుంది, కొన్నిసార్లు గర్భసంచినే తీసెయ్యాల్సి వస్తుంది.

మాయ లోపలుంటే రక్తం ఎందుకు ఆగదో మా డాక్టరమ్మ చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. నెలలు నిండాక గర్భసంచికి నిమిషానికి అరలీటరు పైనే రక్తం వెళ్తుంది. మాయ ఊడిన చోట రక్తనాళాల మూతులన్నీ తెరుచుకుని ఉంటాయి. గర్భసంచి పిడికిలిలా బిగుసుకుంటేనే అవి మూసుకుంటాయి. "పిడికిట్లో ఏదో పట్టుకుని పిడికిలి బిగించమంటే ఎలా బిగుస్తుంది?" అన్నారావిడ. బొడ్డుతాడు పట్టుకుని ఇంట్లోవాళ్ళు లాగితే తాడు తెగొచ్చు, గర్భసంచే లోపలిది బయటికి తిరగబడొచ్చు. అదైతే ఇంకా ఘోరం.

అత్తయ్యది ఒక మాట, అమ్మది ఒక మాట

ఇంటికొచ్చాక ఆరునెలలు నేను మనిషిని కాదు. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడడం. దానికితోడు బాలింత పథ్యం! అంత రక్తం పోయిన మనిషికి నీళ్ళు తాగితే జలుబు చేస్తుందని గ్లాసులు లెక్కపెట్టి ఇచ్చేవారు. కాయం ముద్ద మటుకు రెండు పూటలా. (ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు ఏడుపొచ్చేది.)

పాపకి రెండో ఏడు రాగానే మొదలైంది. అత్తయ్య చెడ్డమనిషి కాదు. కానీ "ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు" అనేవారు. మా అమ్మ ఒకటే మాట, "ఉన్నదాన్ని పెంచుకో చాలు. మళ్ళీ ఆ చీరలు నేను ఉతకలేను." మా ఆయన ఏమీ అనేవారు కాదు. నేనడిగితే లేచి బయటికి వెళ్ళిపోయేవారు. నాకు కోపం వచ్చేది. తరవాత తెలిసింది, ఆరోజు ఆసుపత్రిలో ఆయన చేత ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారట. ఆ సంగతి మూడేళ్ళ వరకూ నాకు చెప్పలేదు.

మరి నాకేం కావాలి? ఇది ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఇంకో బిడ్డ కావాలనే ఉండేది. మా పాప ఒక్కతే అరుగు మీద బొమ్మలతో మాట్లాడుకుంటుంటే ఆ కోరిక ఇంకా బలపడేది. రాత్రయితే భయం. నేను పోతే ఈ పిల్లకి జడెవరు వేస్తారు అని.

ఆ కాగితం

2004లో ఒక రోజు ఎల్ఐసీ కాగితాలు సర్దుతుంటే మడతపెట్టిన ఆసుపత్రి చీటీ కనబడింది. మా ఆయన దాచారు. నేను ఇంటర్ చదివాను గానీ ఆ రాత నాకు అర్థం కాలేదు. ఏలూరులో మా పిన్ని ఇంటికి వెళ్ళినప్పుడు ఒక డాక్టరమ్మకి చూపించాం. ఆవిడ చదివి, "ముందు భయం పక్కన పెట్టండి. మీ మాయ కండలోకి దిగలేదు. గోడకి కరుచుకుంది, మత్తిచ్చి తీస్తే ముక్కలవకుండా మొత్తం వచ్చేసింది. గర్భసంచి బాగానే ఉంది" అన్నారు. మూడేళ్ళు నా భయానికి రూపం లేదు. ఆవేళ దానికో పేరొచ్చింది.

అందుకే ఈ పరిస్థితిలో ఉన్న అక్కచెల్లెళ్ళకి నేను మొట్టమొదట చెప్పేది, డిశ్చార్జి కాగితం పారెయ్యకండి. పోతే ఆసుపత్రికి వెళ్ళి నకలు అడగండి. మాయ ఊడి చిక్కుకుందా, కరుచుకుందా, కండలోకి దిగిందా? మొత్తం వచ్చిందా, ముక్కలు మిగిలితే గీకి తీశారా? ఎంత రక్తం ఎక్కించారు? ఇవి తెలియకుండా "కను" అనేవాళ్ళ మాటా, "వద్దు" అనేవాళ్ళ మాటా రెండూ గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

"మళ్ళీ అలా అవుతుందా డాక్టరుగారూ?" అని అడిగాను. ఆవిడ దాచలేదు. ఒకసారి మాయ ఆగినవాళ్ళకి మళ్ళీ ఆగే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. అయినా ఎక్కువమందికి మళ్ళీ ఆగదు. "ఆగదని హామీ నేనివ్వను. ఆగితే అయిదు నిమిషాల్లో చెయ్యిపెట్టే మనిషి పక్కనుండేట్టు చూసుకోవడం మీ చేతుల్లో ఉంది. ఇంట్లో కాన్పు అనే మాట మీకు ఇక లేదు" అన్నారు.

మరి కొందరికి లెక్క వేరు. సిజేరియన్ అయి, తరవాతి గర్భంలో మాయ కిందికి, గర్భసంచి మూతి దగ్గర ఉంటే అది పాత కుట్టులోకి దిగే ప్రమాదముంది. సిజేరియన్లు పెరిగేకొద్దీ ఆ ప్రమాదమూ పెరుగుతుంది. వాళ్ళు మళ్ళీ గర్భం రాకముందే పెద్ద డాక్టరుతో మాట్లాడుకోవాలి. అలాగే బాగా రక్తం పోయిన కాన్పు తరవాత పాలు పడకపోయినా, నెలసరి తిరిగి రాకపోయినా, ఎప్పుడూ నీరసం, చలి అంటున్నా "బాలింతలకి మామూలే" అని తోసెయ్యకండి. రక్తం అందక తలలోని గ్రంథి ఒకటి దెబ్బతిన్నా అలాగే ఉంటుంది. గీకి తీసిన తరవాత నెలసరి మరీ కొద్దిగా అవుతున్నా చూపించుకోవాలి.

ముందు రక్తం పట్టాలి

ఆ డాక్టరమ్మ నన్ను వెంటనే గర్భం దాల్చమనలేదు. రక్తపరీక్ష చేయిస్తే ఎనిమిదిన్నర గ్రాములుంది. మూడేళ్ళయినా! "పదకొండు దాటితే గాని నా దగ్గరికి శుభవార్తతో రాకండి" అని గదమాయించారు. కాన్పుకీ తరవాతి గర్భానికీ మధ్య కనీసం రెండేళ్ళు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది. అయితే ఏళ్ళు గడిచినంత మాత్రాన రక్తం దానంతటదే పట్టదన్నది నా అనుభవం.

ఐరన్ మాత్రలు వాడినంతకాలం నాకు మలబద్ధకం, మలం నల్లగా రావడం ఉండేవి. మానేద్దామనుకున్నాను. నల్లగా రావడం మాత్రల వల్లే, భయం లేదన్నారు. రాత్రి తిన్నాక వేసుకుంటే వికారం తగ్గింది. ఒక సంగతి చాలామందికి తెలియదు. కాఫీ, టీలతో గానీ, పాలతో గానీ, కాల్షియం మాత్రతో కలిపి గానీ ఐరన్ వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది. తోటకూర పప్పులో దించాక నిమ్మకాయ పిండండి. నువ్వుల ఉండలు, గోంగూర, వేయించిన శనగలు మంచివే. మాంసం తినేవాళ్ళు వారానికోసారి కార్జం వండుకున్నా మంచిదే, అయితే గర్భం నిలిచాక మాత్రం కార్జం తగ్గించాలి. తిండి ఒక్కటే చాలదు, రక్తం బాగా తగ్గినవాళ్ళకి మాత్రలు ఉండాల్సిందే. నాకు పదకొండుకి రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ మా ఆయన జాగ్రత్త పడ్డారు, అత్తయ్యకి మాత్రం చెప్పలేదు!

రెండోసారి

2005 మాఘమాసంలో నెల తప్పింది. అయిదో నెలలో స్కానింగ్ చేసి మాయ ఎక్కడుందో చూశారు. పైనే ఉంది. ఒకవేళ అప్పుడు కిందికి ఉన్నా కంగారు పడొద్దట, గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందికి పైకి జరుగుతుంది, ఎనిమిదో నెలలో మళ్ళీ చూస్తారు. నొప్పి లేకుండా ఎర్రగా రక్తం కనబడితే మాత్రం ఆ నిమిషమే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంట్లో కాళ్ళెత్తి పడుకోబెట్టి కూర్చోకూడదు.

తొమ్మిదో నెల రాగానే ఏలూరు పిన్ని ఇంట్లో మకాం పెట్టాను. పుట్టింటికి పంపలేదని అమ్మ చిన్నబుచ్చుకుంది. "వాగు ఇటుంటే నేను అటెందుకమ్మా" అన్నాను. రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లు ముగ్గురివి ముందే రాసిపెట్టుకున్నాం.

బాబు పుట్టాడు. వెంటనే తొడకి ఇంజెక్షన్ ఇచ్చారు. అయిదు నిమిషాలు... పది... మాయ రాలేదు. డాక్టరమ్మ గడియారం చూస్తున్నారు, నేను ఆవిడ మొహం చూస్తున్నాను. మత్తు డాక్టరుకి కబురు వెళ్ళింది. బాబుని రొమ్ముకి పట్టించారు. పాలు చీకితే గర్భసంచి ముడుచుకుంటుందట. ఇరవై రెండో నిమిషాన వచ్చింది. "వచ్చేసిందమ్మా, మొత్తం ఉంది" అని ఆవిడ నాకు ఎత్తి చూపించారు. నాలుగేళ్ళు నన్ను భయపెట్టింది అదా అనిపించింది.

నాకు బాగా అయింది కాబట్టి అందరూ కనండి అని చెప్పడం నా ఉద్దేశం కాదు. మా పక్కింటి ఆవిడకీ ఇలాగే మాయ ఆగింది. ఆవిడ రెండోది వద్దనుకుని కాపర్-టి వేయించుకుంది. "మా అమ్మాయి తల్లి మిగలాలి" అనేది. ఆవిడ లెక్క ఆవిడది, అదీ సరైన లెక్కే. మగపిల్లాడి కోసమో, వంశం కోసమో మిమ్మల్ని తోస్తుంటే మాత్రం ఆ తోసేవాళ్ళని ఒకసారి డాక్టరు ముందు కూర్చోబెట్టండి. మా అత్తయ్య ఆ స్కానింగ్ గదిలోకి వచ్చిన రోజునుంచి నన్ను ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు రోజులు మారాయి. 108 అంబులెన్సు 2005లో మన దగ్గరే మొదలైంది. 2011 నుంచి సర్కారు ఆసుపత్రిలో కాన్పుకి మందులు, రక్తం, రానూపోనూ బండి ఉచితం. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి డాక్టరు పరీక్ష ఉంటోంది, మీ ఊరి ఆశా కార్యకర్తని అడగండి. రక్తం పోతుంటే మూడు గంటల్లోపు ఇచ్చే ట్రానెక్సమిక్ యాసిడ్ అనే మందు ప్రాణాలు కాపాడుతుందని 2017లో తేలింది. నాకప్పుడు ఇవేవీ లేవు.

ఆ వాన రాత్రి పుట్టిన మా అమ్మాయికి ఈమధ్యే సీమంతం చేశాం. నా పాత చీటీ దాని ఫైల్లో పెట్టాను. దాని బ్లడ్ గ్రూపు, ఆసుపత్రి నంబరు, రక్తమిచ్చే ఇద్దరి పేర్లు వంటింట్లో క్యాలెండర్ మీద రాసి అతికించాను. అల్లుడు చూసి, "అత్తయ్యగారూ, ఇంకా రెండు నెలలుందిగా" అని నవ్వాడు. "ఉండనీ నాయనా" అన్నాను.