దోషం గుణమైన నాదం

కావ్యంలో దోషాలను పరిహరించవలెనని శాసించిన మన ఆలంకారికులే ఆ దోషాలకు కొంత వెసులుబాటును కూడా కల్పించినారు. చెప్పిన మాటనే మళ్ళీ చెప్పడం పునరుక్తి దోషం. కాని కొడుకును పోగొట్టుకొన్న తల్లి ఒకే మాటను పదిసార్లు అన్నప్పుడు దానిని దోషమని ఎవరంటారు? అక్కడ ఒక్కసారి అని ఊరుకోవడమే దోషమనిపిస్తుంది. పదకొండవ శతాబ్దంలో ధారానగరాన్ని ఏలిన భోజుడు తన సరస్వతీకంఠాభరణంలో ఇటువంటి వాటికి వైశేషిక గుణాలని పేరు పెట్టి, గుణాలలోనే ఒక తెగగా లెక్కించినాడు. సందర్భాన్ని బట్టి దోషమే గుణమవుతుందని దాని సారాంశం.

ఈ సూత్రానికి ఇరవయ్యవ శతాబ్దంలో ఒక వింత ఉదాహరణ లభించినది. అది కావ్యంలో లేదు. విద్యుత్ గిటారు వాయించేవారి పాదాల ముందు ఉన్నది. నేటి పాటకచేరీ వేదికలను గమనించినవారికి గిటారు వాద్యకారుని కాళ్ళ దగ్గర వరుసగా పేర్చిన చిన్న చిన్న లోహపు పెట్టెలు కనిపించే ఉంటాయి. వాటిని ఎఫెక్ట్స్ పెడల్స్ అంటారు. వాద్యకారుని రెండు చేతులూ తంత్రుల మీద ఉంటాయి కనుక మీట కాలికి వచ్చినది. నాటకాలలోని కాళ్ళ హార్మోనియంలో పాదానికి గాలి కొట్టే పని మాత్రమే ఉండేది. ఇక్కడ నాదపు రంగును మార్చే అధికారమే పాదానికి దక్కినది. ఈ పెట్టెల చరిత్రను పరిశీలిస్తే, వీటిలో ముఖ్యమైనవి ఒకప్పుడు యంత్రజ్ఞులు దోషాలని తలచిన వాటినే ఆశ్రయించుకొని ఉన్నవని తెలుస్తుంది.

ముందుగా విద్యుత్ గిటారు పలికే తీరును తెలుసుకొందాము. ఉక్కు తంత్రుల కింద అయస్కాంతాలూ, వాటి చుట్టూ వేల చుట్లుగా చుట్టిన సన్నని రాగితీగా ఉంటాయి. దీనికి పికప్ అని పేరు. తంత్రి కంపించినప్పుడు ఆ రాగితీగలో విద్యుత్తు కూడా అదే వేగంతో ఊగుతుంది. ఆ ఊపు చాలా స్వల్పమైనది. దానిని యాంప్లిఫైయరు పెంచి స్పీకరుకు అందిస్తుంది. అంటే తంత్రికీ చెవికీ నడుమ నాదం కొంత దూరం విద్యుద్రూపంలో ప్రయాణం చేస్తున్నదన్నమాట. ఆ దారిలో కూర్చున్న సుంకరి వంటిది పెడల్. సాధారణంగా తొమ్మిది వోల్టుల విద్యుత్తు దానికి చాలును. మీట నొక్కనంతసేపు నాదాన్ని ఉన్నదున్నట్లు పోనిస్తుంది. నొక్కితే దానికి కొంత చేర్చో, దాని నుంచి కొంత తీసివేసో పంపుతుంది.

యంత్రజ్ఞుని దృష్టిలో మంచి యాంప్లిఫైయరు అంటే, తనకు అందిన తరంగాన్ని ఆకారం చెడకుండా పెద్దది చేసేది. శక్తికి మించి పెంచబోతే తరంగపు శిఖరాలు తెగిపోతాయి. గుండ్రని కొండకొమ్మును నరికి బల్లపరుపు చేసినట్లవుతుంది. ఈ నరకడం వల్ల అతిస్వరాలు బలపడతాయి. గిటారులోని అన్నిటికంటె మంద్రమైన తంత్రి సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. దాని వెంట 164, 246, 328 వంటి గుణిజాలు సన్నగా పలుకుతూనే ఉంటాయి. తరంగం తెగినప్పుడు పై గుణిజాలు విజృంభించి, చెవికి ఒక జీరగా, గరుకుగా తోస్తాయి. దీనిని యంత్రజ్ఞులు వికృతి అన్నారు. ఒకరకంగా ఈ గరుకు మనకు కొత్త కాదు. మన తంబురలో తంత్రి ఆనిన పీట మీద, తంత్రి కింద ఒక దారపు పోగును జొనిపి, అతిస్వరాలు జుమ్మని మోగేటట్లు చేస్తారు. ఆ పోగును తీసివేస్తే తంబుర మూగబోయినట్లుంటుంది.

పాశ్చాత్య దేశాలలో ఈ జీర మొదట విరిగిన వస్తువుల నుంచి వచ్చినది. 1951లో మెంఫిస్ నగరంలో 'రాకెట్ 88' అనే పాటను రికార్డు చేసినప్పుడు, గిటారు యాంప్లిఫైయరు దారిలో దెబ్బతిన్నదనీ, చిరిగిన స్పీకరులో కాగితం కుక్కి వాయింపించినామనీ ఆ స్టూడియో యజమాని సామ్ ఫిలిప్స్ చెప్పినాడు. 1958లో లింక్ రే అనే వాద్యకారుడు 'రంబుల్' అనే వాద్యరచన కోసం తన స్పీకరుకు పెన్సిలుతో తానే రంధ్రాలు పొడిచినాడు. 1964లో ఇంగ్లండులో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవీస్ స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసినాడు. మొదటివాడు ప్రమాదాన్ని సహించినాడు. తరువాతి ఇద్దరూ దానిని కోరి తెచ్చుకొన్నారు.

వీటి నడుమ, 1960లో, నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డవుతున్నది. గ్రేడీ మార్టిన్ ఆరు తంత్రుల బాస్ గిటారు వాయిస్తున్నాడు. ధ్వనులను కలిపే యంత్రంలో ఒక భాగం చెడి, గిటారు నాదం తుమ్మెద రొదలాగా మారిపోయినది. పాడైన ఆ భాగాన్ని అట్లాగే ఉంచి పాటను విడుదల చేసినారు. 1961లో ఆ పాటకు గొప్ప ఆదరణ లభించినది. ఆ శబ్దం తమకూ కావలెనని ఇతరులు అడగసాగినారు. ధ్వనిముద్రణ చేసిన గ్లెన్ స్నాడీ, చెడిపోయిన యంత్రం చేసిన పనిని ట్రాన్సిస్టర్లతో బుద్ధిపూర్వకంగా చేయించే పరికరాన్ని, మరొక యంత్రజ్ఞునితో కలిసి రూపొందించినాడు. గిబ్సన్ కంపెనీ దానిని 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ అనే పేరుతో అంగడికి తెచ్చినది. దీనితో గిటారును ట్రంపెట్ వలె, చెల్లో వలె పలికించవచ్చునని కంపెనీ చాటినది. అంటే దోషానికి వేరొక వాద్యం వేషం వేసి అమ్మచూపినారు. అది అంతగా అమ్ముడుపోలేదు.

1965లో రోలింగ్ స్టోన్స్ బృందానికి చెందిన కీత్ రిచర్డ్స్ 'శాటిస్‌ఫాక్షన్' అనే పాట ఎత్తుగడను ఈ పెట్టె ద్వారా వాయించినాడు. అక్కడ తరువాత ఊదుడు వాద్యాలను పెట్టవలెనని ఆయన ఉద్దేశం. గిటారు కేవలం స్థానాన్ని గుర్తుపెట్టే చిత్తుప్రతి. బృందంలోని మిగిలినవారు ఆ చిత్తుప్రతినే విడుదల చేయవలెనన్నారు. పాట దేశదేశాల మారుమోగినది; అంగళ్ళలో మూలుగుతున్న ఫజ్‌టోన్ పెట్టెలన్నీ ఆ ఏడాదిలోనే చెల్లిపోయినవి. ట్రంపెట్‌ను అనుకరించినంతకాలం ఆ పెట్టెను అడిగినవారు లేరు. తన గరుకు గొంతుతో తాను పలికిన తరువాతనే దానికి గౌరవం కలిగినది.

ఈ జీర సంగీత వ్యాకరణాన్ని కూడా కొంత మార్చినది. ఫజ్ వంటి పెడల్ ద్వారా ఒకేసారి అనేక స్వరాలను వాయిస్తే, వాటి అతిస్వరాలు ఒకదానితో ఒకటి ఢీకొని గందరగోళమవుతుంది. షడ్జమ పంచమాలు మాత్రం పొసగుతాయి. వాటి కంపనాల నిష్పత్తి 2:3. రెండింటి భేదమైన 1 కూడా నాదంగా పుట్టి, షడ్జమానికి కింది స్థాయి షడ్జమమై, అండగా నిలుస్తుంది. గిటారు మెట్ల అమరికలో పంచమం ఈ శుద్ధ నిష్పత్తికి సుమారు వెయ్యింట ఒక వంతు మాత్రమే తేడాగా ఉంటుంది. అంతర గాంధారం మాత్రం 4:5 అనే తన నిష్పత్తికి సుమారు వెయ్యింట ఎనిమిది వంతులు ఎక్కువగా ఉంటుంది. ఆ తేడా మామూలుగా చెవికి తగలదు. జీరలో కొట్టవచ్చినట్లు వినబడుతుంది. కఠోరమైన రాక్ సంగీతంలో గాంధారాన్ని విడిచి షడ్జమ పంచమాలనే ఎక్కువగా వాయించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

రెండవ పెడల్ వా-వా. 1966లో కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అనే యువ యంత్రజ్ఞుడు యాంప్లిఫైయరులోని ఖరీదైన స్విచ్చికి బదులుగా చవకైన తిప్పుడు మీటను అమర్చే పనిలో ఉన్నాడు. మీటను తిప్పుతుండగా నాదం మాట్లాడినట్లు వినిపించినది. వెంటనే దానిని ఆర్గన్ వాద్యపు కాలి పెడల్‌లో బిగించి చూచినారు. ట్రంపెట్ నోటికి డొప్పను మూస్తూ తెరుస్తూ ఇటువంటి పలుకునే పలికించిన క్లైడ్ మెకాయ్ పేరుతో దానిని అమ్మినారు.

దీని రహస్యాన్ని తరగతిలో ఏ పరికరమూ లేకుండా చూపవచ్చును. ఒకే శ్రుతిలో 'ఉ' అని సాగదీసి, గొంతు మార్చకుండా మెల్లగా 'ఆ' లోనికి తెరవండి. శ్రుతి మారలేదు, కంఠం మారలేదు. నోటి ఆకారం మారినది. 'ఉ'కారంలో నోరు పై అతిస్వరాలను అణచివేస్తుంది. 'ఆ'కారంలో వాటికి దారి ఇస్తుంది. వా-వా పెడల్ మీద పాదం మడమ నుంచి వేళ్ళ వైపు వాలినప్పుడు జరిగేది కూడా ఇదే. నాదంలో ఒక సన్నని భాగాన్ని ఎత్తిపట్టి, ఆ ఎత్తును కింది నుంచి పైకి జరుపుతుంది. యాంప్లిఫైయరు అన్ని స్వరాలకూ సమదృష్టి చూపవలెనన్న నియమాన్ని ఉల్లంఘించినందువల్లనే తంత్రికి అచ్చులు పలకడం వచ్చినది.

మూడవది ప్రతిధ్వని. గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. పదిహేడు మీటర్ల దూరంలోని గోడను తాకి తిరిగివచ్చే కేక సెకనులో పదవ వంతు ఆలస్యంగా వినబడుతుంది. ఇంత ఆలస్యాన్ని చిన్న పెట్టెలో కల్పించడానికి మొదట అయస్కాంత టేపును వాడినారు. ఒక చోట రాసిన నాదాన్ని కొద్ది అంగుళాల అవతల మళ్ళీ చదివించడమే ఉపాయం. 1958లో లండనులో చార్లీ వాట్కిన్స్ తయారుచేసిన కాపీక్యాట్ ఇటువంటిదే. 1969లో ఫిలిప్స్ కంపెనీ శాస్త్రజ్ఞులు టేపు అవసరం లేని మార్గాన్ని కనుగొన్నారు. నిప్పంటుకొన్న ఇంటికి బావి నుంచి మనుషులు వరుసగా నిలిచి చేతి నుంచి చేతికి బిందెలు అందించినట్లు, వందలకొలది సూక్ష్మ కోశాలు విద్యుదంశాన్ని ఒకదాని నుంచి మరొకదానికి అందిస్తాయి. చివరి బిందె చేరేసరికి కొంత కాలం గడుస్తుంది. ఆ కాలమే ప్రతిధ్వని. అలంకారశాస్త్రం పునరుక్తి అన్నదానిని ఈ పెట్టె రోజంతా చేస్తుంది.

ఆ ఆలస్యాన్ని బాగా తగ్గించి, కొద్దికొద్దిగా హెచ్చుతగ్గులు చేస్తే నాలుగవ విశేషం పుడుతుంది. దాని పేరు కోరస్. జపానులోని బాస్ కంపెనీ 1976లో ఈ పెడల్‌ను వెలువరించినది. భజనలో ఇరవై మంది ఒకే కీర్తన పాడినప్పుడు ఏ ఇద్దరి శ్రుతీ, ఏ ఇద్దరి ఎత్తుగడా సరిగా కలవవు. ఆ కలవకపోవడమే భజనకు నిండుతనాన్ని ఇస్తుంది. ఒంటరి తంత్రికి ఆ చిన్న అపశ్రుతిని దానం చేసేది కోరస్ పెడల్.

ఈ పెట్టెలను ఏ వరుసలో పెట్టినామన్నది కూడా ముఖ్యమే. జీరను ముందు, ప్రతిధ్వనిని వెనుక పెడితే ప్రతి మారుమోతా విడివిడిగా వినబడుతుంది. వరుస తారుమారైతే మారుమోతలన్నీ కలిసి జీరలో పడి ముద్ద అవుతాయి. పదాలు అవే అయినా వాక్యం వేరు.

యంత్రం చేరితే సంగీతం చెడుతుందని శంకించేవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. మన వద్ద ఈ శంకకు సమాధానం పాలకొల్లులో 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ జీవితంలో దొరుకుతుంది. మామూలు మాండలిన్ నాదం మీటిన మరుక్షణమే సన్నగిల్లుతుంది. గమకానికి కావలసిన నిలకడ దానికి లేదు. ఆయన విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, నాలుగు జంట తంత్రులకు బదులు ఐదు ఒంటి తంత్రులను అమర్చుకొని, కర్ణాటక రాగాలను నిండుగా పలికించినారు. 2014లో కన్నుమూసేనాటికి ఆ వాద్యం మన కచేరీ వేదిక మీద స్థిరపడినది. విద్యుత్తు గమకాన్ని చెరపలేదు. దానికి ఊపిరి పోసినది.

పెడల్స్ విషయంలో ఈ ప్రశ్న అమెరికాలో మరింత తీవ్రంగా తలెత్తినది. 1969 ఆగస్టు 18 ఉదయం, వియత్నాం యుద్ధం సాగుతున్న రోజులలో, వుడ్‌స్టాక్ ఉత్సవంలో జిమి హెండ్రిక్స్ ఆ దేశపు జాతీయగీతాన్ని గిటారు మీద వాయించినాడు. ఆయన ఒకప్పుడు పారాచూట్ దళంలో పనిచేసిన సైనికుడు. ఆయన కాళ్ళ ముందు వా-వా, ఫజ్ పెడల్స్ ఉన్నవి. గీతంలో రాకెట్ల, బాంబుల ప్రసక్తి వచ్చిన చోట స్వరం చీలిపోయి, విమానాల మోతగా, పేలుళ్ళుగా, ఆర్తనాదంగా మారినది. మళ్ళీ వరుస కుదుర్చుకొని గీతం ముందుకు సాగినది. కొందరు దానిని అపచారమన్నారు. తనకు మాత్రం అది అందంగానే తోచినదని హెండ్రిక్స్ తరువాత టెలివిజన్‌లో చెప్పినాడు. యుద్ధాన్ని గురించిన గీతాన్ని నిర్మలమైన నాదంతో వాయించి ఉంటే శ్రుతి చెడేది కాదు, సత్యం చెడేది.

కాని అదే పెట్టెను కొని అదే మీటను నొక్కినవారందరూ హెండ్రిక్స్ కాలేదు. చేతిలోని తడబాటును ప్రతిధ్వనితో కప్పిపుచ్చవచ్చును. స్వరజ్ఞానం లేమిని జీరలో దాచవచ్చును. అప్పుడు దోషం దోషంగానే మిగులుతుంది. క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యమే ఇక్కడా న్యాయాధికారి. ఆ జీర అక్కడ ఎందుకున్నదో వినేవానికి తెలియవలె. అది లేకపోతే ఏదో కొరవడినదని తోచవలె.

నాష్‌విల్‌లో ఆనాడు చెడిన భాగాన్ని బాగుచేసి, గిటారును మళ్ళీ వాయింపించి ఉంటే, విధినిర్వహణలో ఎవరూ తప్పు పట్టేవారు కారు. స్టూడియోలోనివారు బాగుచేయడానికి ముందు ఒక్కసారి విన్నారు. విద్యార్థి నోట్సులో తప్పు కనబడగానే ఎర్రసిరాతో కొట్టివేయడం మనకు అలవాటు. వాటిలో చాలావరకు కొట్టివేయవలసినవే. అయినా గీత గీయడానికి ముందు వాడు ఏమనబోయినాడో ఒక్క నిమిషం ఆలకించడం మంచిది.